పాసువర్డు కూర్చుకొను విధానము



నా బాల్యమున మా యింట తాళపుచెవి యొక్కటే యుండెడిది. భూమి పత్రములును, పండుగ బట్టలును ఉంచు మందసమునకు చెందినది. మా అవ్వ దానిని కొంగున ముడివైచుకొని తిరిగెడిది. నేడు నావద్ద పదునొకండు తాళపుచెవులు గలవు. అందొక్కటియు కంటి కగపడదు, కొంగున ముడివేయుటకు వీలుపడదు. వానినే పాసువర్డులనుచున్నాము. పింఛను జమయగు బ్యాంకునకొకటి, ఆదాయపు పన్ను లెక్కలు దాఖలుచేయు సైటునకొకటి, రైలు టిక్కెట్టునకొకటి, ఈ-మెయిలునకొకటి. ఇట్లు లెక్కింపగా పదునొకండయినవి.

వీనిని కూర్చుకొనుటలోని బాధ మీలో పలువురకు అనుభవమే. ఒక సైటువారు ఎనిమిది అక్షరములకు తక్కువ పనికిరాదందురు. మరియొకరు పదునాలుగింటికి మించరాదందురు. ఒకరు చుక్కయో, ఎట్ గుర్తో, ఏదేని యొక చిహ్నము తప్పక యుండవలెనందురు. వేరొకరు చిహ్నములు చొప్పించినచో ఒప్పుకొనమందురు. ఇంకొకరు మూడు మాసములకొకసారి మార్చుమందురు. మార్చబోయిన, ఇది పూర్వపుదానిని పోలియున్నదని త్రోసివేయుదురు. మా కుమార్తె వివాహమున ఇరుప్రక్కల పురోహితులైనను ఇన్ని భేదాభిప్రాయములు చూపలేదు.

ఈ పరస్పర విరుద్ధములైన నియమములకు లోబడుచు, దొంగకు మాత్రము లోబడని పదమును రెండు పాచికలతో ఇంటివద్దనే కూర్చుకొనవచ్చును. దానిని తెలుపుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని. అయితే, నియమములు పాటించినంత మాత్రమున పదము గట్టిదగునను భ్రమ తొలగినగాని నా మాట మీకు రుచింపదు. కావున మొదట మా బావమరిదికి జరిగిన సంగతి చెప్పెదను.

ఆయన మా రామకుప్పమునకు సమీపమున మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులను పెంచు రైతు. ఒకనాడు ఈ-మెయిలు కావలసివచ్చి ఒక ఇంటర్‌నెట్ కేంద్రమునకు పోయెను. అచ్చటి కుర్రవాడు క్షణములో ఒక పాసువర్డును కల్పించి యిచ్చెను. మా ఊరి పేరు ఇంగ్లీషు అక్షరములలో, మొదటిది పెద్దయక్షరముగా. ఆవల ఎట్ గుర్తు. ఆవల ఒకటి, రెండు, మూడు. లెక్కించి చూడుడు. ఊరి పేరునకు పది అక్షరములు, గుర్తొకటి, అంకెలు మూడు. వెరసి సరిగా పదునాలుగు. పెద్దయక్షరము కలదు, చిన్నయక్షరములు కలవు, అంకెలు కలవు, చిహ్నము కలదు. ఆదాయపు పన్ను శాఖవారు తమ వాడుక వివరణలో అడిగినవియు ఇవే: ఎనిమిదికి తగ్గక, పదునాలుగింటికి మించక, ఈ నాలుగు జాతులును ఉండవలెనని. ఏ సైటునకు పోయినను ఆ పదము చెల్లుచుండుటచే మా బావమరిది మురిసిపోయి, అన్నిచోట్లను దానినే వాడెను.

కొంతకాలమునకు ఆయన సరకులు కొన్న ఒక దుకాణపు సైటునుండి ఖాతాదారుల పట్టిక దొంగల పాలయ్యెను. దొంగలు ఆ పట్టికలోని పదమునే ఆయన ఈ-మెయిలుపై ప్రయోగించిరి. తలుపు తెరచుకొనెను. ఆయన పేరిట బంధువులకు ఉత్తరములు పోయినవి. ఆసుపత్రిలో ఉన్నాను, అవసరముగా సొమ్ము పంపుడని. బెంగుళూరిలోని మేనల్లుడొకడు ఇరువదివేల రూపాయలు పంపెను. అవి తిరిగి రాలేదు. మా బావమరిది నాయొద్దకు వచ్చి, "అన్ని సైట్లూ ఒప్పుకొన్న మాటే గదా బావా, మరి దొంగకెట్లా తెలిసె?" అని యడిగెను.

నేనప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. పిమ్మట చదివి తెలిసికొన్నది మీకు మనవి చేయుచున్నాను.

కంప్యూటరునకు పాసువర్డు పెట్టు ఆచారము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1961 ప్రాంతమున మొదలయినది. ఫెర్నాండో కోర్బటో అను పండితుడును ఆయన సహచరులును ఒకే యంత్రమును పలువురు పంచుకొను ఏర్పాటు కావించి, ఒకరి కాగితములను మరియొకరు చూడకుండుటకై ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము నిచ్చిరి. 1966లో ఒక పొరపాటుచే ఆ పదముల పట్టిక యావత్తు, యంత్రము నుపయోగింపవచ్చిన ప్రతివానికిని స్వాగత వాక్యమునకు మారుగా దర్శనమిచ్చెనట! పట్టికను ఉన్నదున్నట్లు దాచుట ప్రమాదమని అందువలన విశదమయ్యెను.

పిమ్మట, పదమును నూరి దాచు పద్ధతి వచ్చినది. యూనిక్స్ అను వ్యవస్థయందు దీనిని ఎట్లు బలపరచిరో రాబర్టు మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979లో వివరించిరి. రోటిలో కొబ్బరియు మిరపకాయలును నూరి పచ్చడి చేసిన పిమ్మట, పచ్చడినుండి మరల కాయను తీయుట ఎవరి తరము కాదుగదా. అట్లే మన పదమును సైటువారు గణితపు రోటిలో నూరి, ఆ ముద్దను మాత్రమే దాచుదురు. మనము మరల వచ్చి పదము చెప్పినపుడు దానిని కూడ నూరి, రెండు ముద్దలును ఒక్కటియగునా యని పోల్చిచూతురు. ముద్దలు దొంగచేత పడినను పదము నేరుగా తెలియదు. అయితే వాడు ఊరకుండడు. తనకు తోచిన పదములను ఒక్కొక్కటే నూరుచు, దొంగిలించిన ముద్దతో పోల్చుచు కూర్చుండును. వాని రోలు యంత్రపు రోలు; సైటువారు నూరిన విధము తేలికదైనచో క్షణమునకు కోట్లకొలది పదములను నూరగలదు.

ఇచ్చట ఒక మాట. ఎంత పొడుగు పదమును నూరినను వచ్చు ముద్ద ఒకే కొలతలో నుండును. కావున పదునాలుగు దాటరాదని కట్టడిచేయుటకు దాచుకొను చోటు చాలకపోవుట కారణము కానేరదు. పాతకాలపు యంత్రముల అలవాటు, లేదా అధికారుల అలసత్వము కారణము కావలెను. కొన్ని చిహ్నములను నిషేధించుటకు మాత్రము కొంత హేతువు కలదు. కొటేషను గుర్తు మొదలగు వానిని వెనుకటి ప్రోగ్రాములు ఆజ్ఞలుగా భ్రమపడి తారుమారగు భయముండెను. మరమ్మతు చేయవలసినది ప్రోగ్రామును. చేతులు కట్టినది మనకు.

ఇక నాలుగు జాతుల అక్షరములును ఉండవలెనను నియమమెచ్చటిది? అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ, నిస్ట్ అని పిలువబడునది, యొక మార్గదర్శక గ్రంథము ప్రకటించినది. అందలి పాసువర్డుల భాగమును 2003లో రచించినవాడు బిల్ బర్ అను ఉద్యోగి. పెద్దయక్షరములు, అంకెలు, చిహ్నములు కలుపుమనియు, తరచుగా మార్చుచుండుమనియు చెప్పిన ఆ మాటలు దేశదేశములకు ప్రాకినవి. ఆయన ఉద్యోగము విరమించిన పిదప, 2017లో, తాను చేసినదానిలో చాల భాగమునకు ఇప్పుడు చింతించుచున్నానని ఒక పత్రికవారితో ఒప్పుకొనెను. ఆ యేడే నిస్ట్ వారు ఆ సలహాలను ఉపసంహరించిరి. 2025లో వెలువడిన కూర్పులో మరి గట్టిగా చెప్పిరి: జాతుల నియమములు పెట్టనే కూడదు, దొంగతనము జరిగిన ఆనవాలు లేనిదే మార్చుమని బలవంతము చేయరాదు, పాసువర్డు ఒక్కటే కాపలాయైనచోట పదునైదు అక్షరములకు తక్కువ యుండరాదు, కనీసము అరువదినాలుగు అక్షరముల వరకు ఒప్పుకొనుట మంచిది. ఈ మార్పు మనము వాడు సైటులలో పెక్కింటికి ఇంకను చేరవలసియున్నది.

బర్ గారు ఏల చింతించిరి? మనుష్యుడు నియమమును ఎట్లు పాటించునో ఆయన నాడు ఊహింపలేదు. పెద్దయక్షరము పెట్టుమనిన మనమందరము మొదటనే పెట్టుదుము. చిహ్నమనిన ఎట్ గుర్తు. అంకెలనిన ఒకటి, రెండు, మూడు. లేదా పుట్టిన సంవత్సరము. నార్డ్‌పాస్ అను సంస్థవారు 2023లో మన దేశమున మిక్కిలి వాడుకలోనున్న పాసువర్డుల పట్టికను ప్రకటింపగా, అందు ఇండియా అను మాట, ఎట్ గుర్తు, ఒకటి రెండు మూడు కలిసిన పదము కనబడినది. నియమములన్నిటికిని అది సరిపోవును. దొంగ చేతిలోని జాబితాలో మొదటి పుటలోనే అదియు నుండును. ఊరి పేరునకును అదే గతి. 2009లో రాక్‌యూ అను సైటునుండి మూడు కోట్ల యిరువది లక్షల పాసువర్డులు బయటపడెను. నాటినుండి మనుష్యుల అలవాట్లన్నియు దొంగలకు పాఠ్యపుస్తకమయ్యెను.

తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో ఎవరికిని తెలియదని కొందరు నమ్ముదురు. వేంకటేశ్వరుడు, సాయిబాబా, లక్ష్మి, శ్రీనివాసుడు ఎన్నడో ఆ జాబితాలకెక్కిరి. అదిగాక మన మాటలకు ఇంగ్లీషున ఒకే వర్ణక్రమము లేదు. రామయ్యకు ఏ అక్షరము ఒక్కటియా రెండా, తాతకు టీ వెంట హెచ్ కలదా లేదా యని మూడునెలల తరువాత మనకే సందేహము కలుగును. మూడుమార్లు తప్పు వ్రాసితిమా, ఖాతా మూతపడును. దొంగకు సులభము, యజమానికి దుర్ఘటము!

ఆధార్ కాగితము సంగతియు ఇచ్చటనే చెప్పవలెను. ఇంటర్‌నెట్ కేంద్రములో దింపుకొను ఈ-ఆధార్‌నకు పాసువర్డు మన పేరులోని మొదటి నాలుగు పెద్దయక్షరములును, పుట్టిన సంవత్సరమును. దేశమునందరికిని సూత్రమిదియే గనుక అది తాళము కాదు, గడియ మాత్రమే. ఆ కాగితమును కేంద్రపు యంత్రములో విడిచి రాకుడు. అచ్చుతీసిన వెంటనే చెరిపించుడు.

ఇంతకును గట్టితనము దేనియందున్నది? రెండింటియందు: పొడుగునందును, మన ఇష్టము జోక్యము చేసికొనకుండుటయందును. లెక్క చూడుడు. మీటల పలకపైనున్న పెద్ద, చిన్న అక్షరములు, అంకెలు, చిహ్నములు అన్నియు కలిసి 94. వానితో ఎనిమిది స్థానములు నింపుటకు గల విధములకంటె, కేవలము 26 చిన్నయక్షరములతో పదునైదు స్థానములు నింపుటకు గల విధములు సుమారు 2,75,000 రెట్లు ఎక్కువ. చిహ్నములకంటె పొడుగే మేలని దీనివలన తేలుచున్నది. అయితే ఆ యక్షరములను మనస్సు ఎన్నుకొనరాదు. మనస్సు మనుమని పేరు దగ్గరకే పోవును. పాచిక ఎన్నుకొనవలెను. అమెరికాలో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనువాడు 1995లో ఐదు పాచికలు వేసి 7,776 మాటల జాబితానుండి మాటలు ఏరుకొను పద్ధతిని ప్రకటించెను. నాలుగైదు మాటలకు చోటుండు సైటులలో అది మిక్కిలి సొగసైనది. పదునాలుగు దాటనీయని సైటులలో మాటలు ఇమడవు. మన పనికి ఒక్కొక్క అక్షరమునే వేసికొనుట మేలు.

ఒక కాగితముపై ఆరు వరుసలు, వరుసకు ఆరు గళ్లు గీయుడు, వెరసి ముప్పదియారు. ఇంగ్లీషు చిన్నయక్షరములు ఇరువదియారు, అంకెలు పది. అవియు ముప్పదియారే యగుట మన భాగ్యము. మొదటి వరుసలో ఏ నుండి ఎఫ్ వరకు. రెండవదానిలో జీ నుండి ఎల్ వరకు. మూడవదానిలో ఎమ్ నుండి ఆర్ వరకు. నాలుగవదానిలో ఎస్ నుండి ఎక్స్ వరకు. అయిదవదానిలో వై, జెడ్, పిమ్మట సున్న, ఒకటి, రెండు, మూడు. ఆరవదానిలో నాలుగు నుండి తొమ్మిది వరకు నింపుడు. పిల్లల ఆటపెట్టెలోనుండి ఎఱ్ఱది యొకటి, తెల్లది యొకటి రెండు పాచికలు తీసికొనుడు. ఎఱ్ఱది వరుసను, తెల్లది గడిని చెప్పును. ఎఱ్ఱది మూడు, తెల్లది రెండు పడినచో మూడవ వరుసలో రెండవ గడి. ఎన్ అను అక్షరము. అయిదును నాలుగును పడినచో ఒకటి అను అంకె. ఇట్లు పదునొకండు మార్లు వేసి, పడినది పడినట్లు వ్రాసికొనుడు. నచ్చలేదని మరల వేయరాదు. నచ్చుట మొదలుపెట్టినచో మరల మనస్సే ప్రవేశించినట్లు.

ఇప్పుడు సైటుల నియమముల మాట. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల పొలిమేరలయందు వసించు మనకు చెక్‌పోస్టుల సంగతి తెలియనిది కాదు. 2017లో జీయస్టీ వచ్చి వాణిజ్యపు పన్ను చెక్‌పోస్టులు తొలగువరకు, ఒకే బండి సరకునకు ఈవల ఠాణాలో ఒక కాగితము, ఆవల ఠాణాలో వేరొక కాగితము చూపవలసియుండెను. తెలిసినవాడు సరకును మార్చడు. కాగితములను మాత్రము సిద్ధముగా నుంచుకొనును. మనమును అట్లే చేయుదము. పాచికలు పలికిన పదునొకండక్షరములు సరకు. దానికి తలయు తోకయు తగిలింతము. తలయందు మీకిష్టమైన పెద్దయక్షరమొకటి, దాని వెంట ఎట్ గుర్తు. తోకయందు అంకె యొకటి. మొత్తము పదునాలుగు. మొదట అక్షరమే యుండవలెనను సైటునకు తల సమాధానము. పెద్దయక్షరము, చిహ్నము, అంకె కావలెననువారికి తలతోకలు సమాధానము. చిన్నయక్షరములు నడుమ తప్పక పడియుండును. చిహ్నము వలదను సైటున ఎట్ గుర్తును విడిచిపెట్టుడు. పండ్రెండే చాలుననినచో నడుమ రెండు తగ్గింపుడు. రెండంకెలు కావలెననినచో తోకను పొడిగింపుడు. తలతోకలు అన్ని సైటులకును ఒక్కటే కావచ్చును. నడిమిభాగము మాత్రము సైటుసైటునకు వేరుగా, క్రొత్తగా పాచికలు వేసి కూర్చవలెను. మా బావమరిది చేసిన తప్పు అచ్చటనే యున్నది. ఒక దుకాణపు పట్టిక పోయినచో ఆ దుకాణపు తాళము మాత్రమే పోవలెను.

మార్చుమని సైటువారు బలవంతము చేసినపుడు, కడపటి అంకెను ఒకటికి రెండు చేయుట వ్యర్థము. నడిమిభాగమును క్రొత్తగా వేయుడు. పూర్వపుదానిని పోలియున్నదను గొడవయు తీరును.

ఈ పదునొకండక్షరములను ఎన్ని విధములుగా కూర్చవచ్చునని యడుగుదురేమో. కోటిని కోటితో హెచ్చవేసిన మొత్తమును ఒక రాశి యనుకొనినచో, అట్టి రాశులు 1,316 అగును. దొంగ క్షణమునకు నూరుకోట్ల చొప్పున నూరినను అన్నియు ముగియుటకు నాలుగేండ్లు దాటును. సైటువారు గట్టిగా నూరియుంచినచో ఇంకను పెక్కు రెట్లు. పొడుగునకు కట్టడిలేని సైటున పదునాఱు మార్లు వేయుడు. ఆ యదనపు ఐదు వేటులచే విధములు 6 కోట్ల రెట్లు పెరుగును. బ్యాంకునకును, ఈ-మెయిలునకును ఈ శ్రమ పడవలెను. ముఖ్యముగా ఈ-మెయిలునకు, ఏలయన తక్కిన పాసువర్డులు మరచినపుడు వానిని మార్చుటకు దారి దానిలోనుండియే పోవును.

ఇంతటి అర్థములేని అక్షరములను జ్ఞాపకముంచుకొనుటెట్లు? ఉంచుకొనవలదు. పుస్తకములో వ్రాసికొనుడు. వ్రాయరాదని మీకు చాలమంది చెప్పియుందురు. భద్రతాశాస్త్రమున పేరొందిన బ్రూస్ ష్నైయర్ 2005లోనే, కాగితముపై వ్రాసి పర్సులో పెట్టుకొనుడని సలహా యిచ్చెను. ఎక్కడనో దూరదేశమున కూర్చున్న దొంగ మీ బీరువాలోని పుస్తకమును చదువలేడు. ఇంటికి వచ్చినవాని భయమున్నదా? పుస్తకములో నడిమిభాగమును మాత్రమే వ్రాయుడు. తలయు తోకయు అన్నిటికి ఒక్కటే గనుక అవి మనస్సున నిలుచును. పుస్తకము చిక్కినవానికి మొండెము దొరకును, తల దొరకదు. సున్నకు అడ్డముగా గీత గీయుడు. లేనిచో ఓ అక్షరముతో కలిసిపోవును. ఒకటికిని ఎల్‌కును భేదము తెలియునట్లు వ్రాయుడు. ఏటీఎం కార్డుపై అంకెలు వ్రాయుట మాత్రము వేరు సంగతి; ఆ పని ఎన్నడును చేయకుడు.

కేంద్రపు కుర్రవాడు ఎంత మంచివాడైనను, ఖాతాకు అతని ఫోను నెంబరు ఎక్కనీయకుడు. అతడు ఊరు విడిచిపోయినచో ఓటీపీ అతని వెంట పోవును. పదమును మీరే మీటలు నొక్కి చేర్చుడు, ఆలస్యమైన కానిండు. జ్ఞాపకముంచుకొందునా యని యంత్రమడిగినపుడు వలదనుడు. సొమ్ము పోయినట్లు తెలిసినచో 1930 అను నెంబరునకు ఆ గంటలోనే ఫోను చేయుడు.

మా బావమరిదికి ఇదంతయు చెప్పినపుడు ఆయన మొదట నవ్వెను. చదువుకొన్న బావ పాచికలాట నేర్పుచున్నాడని ఇంటిలోనివారును నవ్విరి. అయినను ఆ సాయంకాలము మనుమరాలి చేత గళ్లు గీయించి, ఆమెయే పాచికలు వేయగా తాను వ్రాసికొనెను. ఐదు ఖాతాలకు ఐదు పదములు, గంట పట్టలేదు. పట్టుగూళ్ల లెక్కలు వ్రాయు పుస్తకపు కడపటి పుటలో అవి యున్నవి. తలయు తోకయు తన భార్యకు చెప్పెను. తాను లేనినాడు బ్యాంకులో ఆమె యొకరి దయకు నిలువరాదని. నాకును చెప్పబోగా, వలదని చెవులు మూసికొంటిని.